మునెమ్మ నుండి సుబ్బరాయప్పకు

ఆ బుధవారం పొద్దున ధనశేఖర్‌కు ఉన్న పని చాలా సులువైనది. నాయనను కారులో ఎక్కించుకొని కృష్ణగిరికి పోవాలి, వకీలు ఆఫీసులో అగ్రిమెంటు మీద ఆయన చేత సంతకం పెట్టించాలి, రాహుకాలం రాకముందే ముగించుకొని హోసూరుకు తిరిగి రావాలి. ఇందులో తల బద్దలు కొట్టుకోవలసింది ఏమీ లేదు. అయినా లేచింది మొదలు ఆయన కారు అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన అద్దం మీద మంచు మళ్ళీ కమ్ముతోంది, ఆయన మళ్ళీ తుడుస్తున్నాడు. అది రెండు వేల మూడో సంవత్సరం డిసెంబరు. ఎదురింటి గేటు కూడా కనిపించనంత మంచు. వీధిలో సైకిల్ గంట వినిపిస్తోంది గానీ సైకిలూ లేదు, పాలవాడూ లేడు. కాసేపటికి గేటు మీద పాల ప్యాకెట్లు మాత్రం కనిపించాయి.

అమ్మబోయేది బాగలూరు దగ్గర ఉన్న ఎకరన్నర గులాబీ తోట. దాన్ని నాటింది ధనశేఖర్ తల్లి మునెమ్మ. పోయిన ఏడాది ఆమె కన్ను మూస్తే, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం సొంత నేలలోనే, ఆ తోట మూలలోనే సమాధి చేశారు. కృష్ణగిరి మామిడికాయల వ్యాపారి వరదప్పకు గోడౌన్ కట్టడానికి సరిగ్గా అలాంటి నేలే కావలసి వచ్చింది. మండీలో పదిమంది మధ్య "ఇస్తావా ధనశేఖరా?" అని అడిగాడు. మాటల ఊపులో ఉన్న ధనశేఖర్ "ఇస్తాలే అన్నా" అనేశాడు. పదిమందిలో ఇచ్చిన మాటను వెనక్కి తీసుకుంటే ఆ మండీలో మళ్ళీ ముఖం ఎత్తుకొని తిరగలేడు. ఇంటికి వచ్చి నాయనను అడిగితే ముసలాయన "నీ ఇష్టం" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. 'నీ ఇష్టం' అనేదానికి ఈ దేశంలో సవాలక్ష అర్థాలున్నాయి గానీ, ఒప్పుకున్నానని మాత్రం ఎన్నడూ లేదు. ధనశేఖర్ ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. సుబ్బరాయప్పకు మాత్రం ఆ రోజు నుంచి ముద్ద మింగుడు పడటం లేదు. భార్య నిద్రపోతున్న చోట మామిడికాయల బుట్టలు పేరుస్తారని తలచుకుంటే చాలు, ఆయన చేయి కంచం మీదే ఆగిపోతోంది. కొడుకు మాట పోతుందని నోరు విప్పలేదు.

ఆ ఇంట్లో మునెమ్మ పేరు లేనిది ఏదీ లేదు. లారీ ముందు అద్దం మీద ఆమె పేరే. బోరుబావి మోటారు రూము తలుపు మీద ఆమె పేరే. పూల షాపుకు ఆమె పేరే. గ్యాస్ కనెక్షన్ కూడా ఇంకా ఆమె పేరు మీదే ఉంది, సిలిండర్ తెచ్చినవాడు ఇప్పటికీ గేటు దగ్గర నిలబడి "మునెమ్మా!" అని కేకేస్తాడు. ఆ కేక విన్నప్పుడల్లా సుబ్బరాయప్ప తల ఎత్తి చూస్తాడు.

కంప్యూటర్ కూడా ఆమె గదిలోనే ఉంది. పెద్ద టేబుల్, ప్లగ్గు, ఫోన్ పాయింటు మూడూ ఒకే చోట ఉన్న గది అదొక్కటే. ఒక పక్క సుబ్బరాయప్ప మంచం, ఇంకో పక్క మునెమ్మ ఫోటో, మధ్యలో ఆ యంత్రం. ధనశేఖర్ భార్య నళిని బీఎస్సీ చదివింది. పొద్దున్నే దాని ముందు కూర్చొని బెంగళూరుకు పోయే గులాబీల బిల్లులు టైపు చేస్తుంది. ఆ రోజూ కూర్చుంది. సుబ్బరాయప్ప మంచం మీద కంబళి కప్పుకొని, కృష్ణగిరికి పోకుండా ఉండటానికి ఏ జబ్బయితే మర్యాదగా ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు. ఆయన అక్క తిమ్మమ్మ, ముందురోజే తళి నుంచి వచ్చింది, నేల మీద కూర్చొని వక్కలు కత్తిరిస్తోంది.

కంప్యూటర్ 'టింగ్' మంది.

స్క్రీన్ నడుమ బూడిదరంగు డబ్బా ఒకటి పైకి వచ్చింది. నళిని అలాంటిది ఎప్పుడూ చూడలేదు. చదివింది. చదివి, మౌస్ మీది చేయి తీసేసి, కుర్చీని రెండడుగులు వెనక్కి జరుపుకుంది.

"మామా..." అంది మెల్లగా.

"ఏమ్మా?"

"మెసేజ్ ఫ్రమ్ మునెమ్మ టు సుబ్బరాయప్ప అని ఉండాది."

వక్కల కత్తెర ఆగిపోయింది. సుబ్బరాయప్ప కంబళి పక్కకు తీశాడు.

"ఎవురు ఎవురికి?"

"అత్త... మీకు."

"ఏమని?"

నళిని కుర్చీలోంచే మళ్ళీ స్క్రీన్ వైపు వంగింది. "ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మామా. 'కాఫీ కావల్ల' అని ఉండాది."

బతికున్నన్నాళ్ళు మునెమ్మ పొద్దున లేవగానే అడిగింది అదొక్కటే. నళిని భయంతో కింద ఉన్న ఓకే బటన్ నొక్కింది. డబ్బా మాయమైంది. దాని వెనక నందివర్ధనం పువ్వు బొమ్మ మిగిలింది.

"ఏమండీ!" అని ఆమె పెట్టిన కేకకు ధనశేఖర్ గుడ్డతో సహా లోపలికి పరుగెత్తాడు. వచ్చి చూస్తే పువ్వు బొమ్మ. విషయం విన్నాడు.

"ఇంటర్నెట్‌లో ఎవుడో తమాషా చేసి ఉంటాడు," అన్నాడు.

"ఇంటర్నెట్ యాడుండాది? ఫోన్ వైరు నిన్న నేనే పీకి పెట్టినాను," అని నళిని గోడ వైపు చూపించింది. వైరు ఊడిపోయి నేల మీద పడి ఉంది. ధనశేఖర్ దాన్ని చేత్తో ఎత్తి చూశాడు. నిజంగానే ఊడి ఉంది.

"అయినా ఆమెకి అక్షరం ముక్క రాదు కదా," అన్నాడు సుబ్బరాయప్ప. "వేలిముద్రే వేసేది."

"ఏడాదయింది కదరా పోయి," అంది తిమ్మమ్మ. "ఆడ నేర్పించి ఉంటారు."

ధనశేఖర్ "మీకంతా పిచ్చి పట్టింది" అని మళ్ళీ కారు దగ్గరికి పోయాడు గానీ, ఈసారి గదికి వీపు తిప్పకుండా, కిటికీవైపు ముఖం పెట్టి తుడవసాగాడు.

నళిని కాఫీ కలిపి తెచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక కీబోర్డు పక్కన పెట్టింది. ముగ్గురూ చేతులు కట్టుకొని చూస్తూ నిలబడ్డారు. కాఫీ పొగ స్క్రీన్ మీదికి పాకి పువ్వు బొమ్మను మసకబార్చింది. పొగ తగ్గింది. కాఫీ మీద మీగడ కట్టింది. అప్పుడు మళ్ళీ 'టింగ్'.

"'కాఫీ ఇంకా రాలే' అంటా ఉంది," అని నళిని చదివింది.

"ముందరే ఉండాది కదా!" అన్నాడు సుబ్బరాయప్ప.

"స్టీలు గ్లాసులో ఇస్తే ఆమె ఎప్పుడు తాగిందిరా?" అని తిమ్మమ్మ తమ్ముణ్ణి కసిరింది. "ఆమె లోటా యాడుండాది? తీసుకొని రా పో."

మునెమ్మ ఇత్తడి లోటా బీరువా అడుగున చీరల కింద దొరికింది. చింతపండుతో తోమి, కొత్తగా కాఫీ పోసి పెట్టారు. లోటా కోసం తీసిన చీరల్లో ఒకటి కుర్చీ మీద పరిచారు. కూర్చుంటుందేమోనని ఎవరూ అనలేదు గానీ, అందరూ కుర్చీకి కొంచెం దూరంగా జరిగారు. సుబ్బరాయప్పకు భయం వేసిందో సంతోషం వేసిందో ఆయనకే తెలియలేదు. ఏడాదిగా ఆ గదిలో తనను ఎవరూ ఏదీ అడగలేదు. ఇప్పుడు ఒకరు కాఫీ అడుగుతున్నారు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

మూడోసారి మోగేసరికి నళిని చదవడానికి ముందే కళ్ళు మూసుకుంది. ఒక కన్ను తెరిచి చదివింది.

"'కాలు శానా నొస్తా ఉండాది. నడవలేను.'"

"అయ్యో!" అంది తిమ్మమ్మ. చివరి ఏడాది మునెమ్మ కాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకొని, ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచింది. పోయిన తర్వాత కూడా ఆ నొప్పి తగ్గలేదంటే అంతకన్నా అన్యాయం ఉందా? తిమ్మమ్మ నీలగిరి తైలం సీసా తెచ్చింది. తెచ్చి ఆగిపోయింది.

"ఏ కాలికి పూసేది?"

మంచి ప్రశ్నే. ముగ్గురూ ఆలోచించారు. చివరికి టేబుల్ కాళ్ళకు పూయడం తప్ప దారి కనిపించలేదు. ఎడమ కాలా, కుడి కాలా అన్న అనుమానం లేకుండా నాలుగింటికీ పూశారు. గదంతా తైలం వాసన నిండింది. మునెమ్మ చివరి నెలల్లో ఆ గదిలో అచ్చం అదే వాసన ఉండేది. ఆ వాసనకు నళిని ఏడుపు ఆపుకోలేకపోయింది.

సరిగ్గా అప్పుడే వరదప్ప వచ్చాడు. అగ్రిమెంటు పని కదా, ధనశేఖర్ ఆలస్యం చేస్తాడేమోనని తనే కారు వేసుకొని వచ్చేశాడు. బొటనవేలంత ఉంగరం, భుజం మీద జరీ కండువా, గొంతులో మండీలో వేలం పాడేవాడి జోరు. ధనశేఖర్ వెంట గదిలోకి అడుగు పెట్టి చూస్తే, ఒక ముసలామె టేబుల్ కాలు ఒత్తుతోంది, ఒకామె ఏడుస్తోంది, చీర పరిచిన కుర్చీ ముందు కాఫీ లోటా ఉంది, ఇంటి పెద్ద దానికి ఎదురుగా చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, పూజనా?" అన్నాడు.

ఏం జరిగిందో తిమ్మమ్మ చెప్పింది. తిమ్మమ్మ చెప్పడంలో మూడు సందేశాలు ఏడయ్యాయి, అందులో రెండింటిలో వరదప్ప పేరు కూడా ఉంది. వరదప్ప నవ్వడానికి ప్రయత్నించాడు. నవ్వు సగంలో ఉండగానే కంప్యూటర్ మోగింది.

"చదవమ్మా," అన్నాడు సుబ్బరాయప్ప.

"'కృష్ణగిరికి పోయేముందు నా దగ్గరికి వచ్చి పోండి.'"

వరదప్ప నవ్వు ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. "కృష్ణగిరి సంగతి ఆమెకి ఎట్ల తెలిసె?"

"ఆమె నేలే కదప్పా," అంది తిమ్మమ్మ. "ఆమెకి తెలీకుండా ఎట్ల ఉంటాది? బాగలూరుకు పోయి సమాధి దగ్గర చెప్పి, ఆమె సరే అంటేనే పోవల్ల."

"సరే అన్నట్టు ఎట్ల తెలుస్తుంది?"

"ఈడికి వచ్చి కాఫీ అడిగిన మనిషి, సరే అని చెప్పలేదా?"

ధనశేఖర్ ఓపిక నశించింది. "ఇది ముగిసేటట్టు లేదు. వకీలుకి ఆలస్యమని ఫోన్ చేసి వస్తాను," అని సెల్‌ఫోన్ తీసుకొని బయట ఇనుప మెట్లెక్కి పైకి పోయాడు. ఆ ఇంట్లో సిగ్నల్ దొరికేది మేడ మీద బాల్కనీలో, అదీ రోడ్డు వైపు కొసన నిలబడితేనే. ఆయన మెట్లెక్కిన చప్పుడు టంగు టంగుమని పైదాకా పోయి, మంచులో కలిసిపోయింది.

కింద గదిలో వరదప్ప మెల్లగా గోడకు చేరబడి, మునెమ్మ ఫోటో తన తల మీదే ఉందని చూసుకొని, ఇంకో గోడకు మారాడు. కిటికీ అవతల తెల్లటి మంచు తప్ప లోకం లేదు. కంప్యూటర్ మళ్ళీ మోగింది. నళిని చదివింది.

"'ఇంక లాభం లేదు. నేనే దిగి వస్తాను.'"

తిమ్మమ్మ సీసా కింద పెట్టింది. వరదప్ప కండువా తీసి చెవులకు చుట్టుకున్నాడు, వినకపోతే రాదన్నట్టు. అయినా అందరికీ వినిపించింది. ఇంటి లోపలి మెట్ల మీద, పైనుంచి, కర్ర ఆనిన చప్పుడు. టక్. ఆ వెనకే ఒక కాలు ఈడ్చిన చప్పుడు. మళ్ళీ టక్. మళ్ళీ ఈడ్పు. ధనశేఖర్ ఉన్నది బయట బాల్కనీలో, మేడ గదిలో ఎవరూ లేరని అందరికీ తెలుసు. ధనశేఖర్ తమ్ముడు ఉదయ్ కుమార్ ఉండేది అక్కడే గానీ, అతనికి ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ, ఎండెక్కితే గానీ రాడు.

"మునెమ్మ నడకే," అన్నాడు సుబ్బరాయప్ప గుసగుసగా. ఆయన పారిపోలేదు. తలుపు వైపు ఒక అడుగు ముందుకు వేశాడు. పంచె సర్దుకున్నాడు, జుట్టు చేత్తో దువ్వుకున్నాడు. మిగిలిన ముగ్గురూ ఆయన వెనక ఒకరి వెనక ఒకరు చేరారు. అందరికన్నా వెనక వరదప్ప ఉన్నాడు, తిమ్మమ్మ కొంగు పట్టుకొని.

గడపలో తెల్లటి ఆకారం ఒకటి నిలబడింది. తల నుంచి పాదం దాకా దుప్పటి. చేతిలో మునెమ్మ కర్ర.

"ఒక కాఫీ కోసం ఇంతసేపా వదినా?" అంది ఆకారం.

దుప్పటి తల మీది నుంచి జారింది. లోపల ఉదయ్ కుమార్ ఉన్నాడు. గడ్డం మాసి, ఒక పాదం వాచి, శానా బేజారుగా ఉన్నాడు. వరదప్ప అప్పటికే మంచం ఎక్కి నిలబడ్డాడు. దిగడానికి సిగ్గుపడి అక్కడే ఉండిపోయాడు.

ఒక్కొక్కటిగా బయటపడింది. ముందురోజు అందరూ తిమ్మమ్మను తీసుకురావడానికి తళి పోయినప్పుడు, ఉదయ్ డ్యూటీకి సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాడు. తన కొత్త కంప్యూటర్‌నూ కింది పాత కంప్యూటర్‌నూ ఒక వైరుతో కలిపి, ఇంటికంతా నెట్‌వర్క్ పెట్టి అందరినీ ఆశ్చర్యపరచాలని అతని కోరిక. మేడ కిటికీలోంచి వైరు దింపి బీరువా వెనకగా టేబుల్ దాకా లాగాడు. పని ముగించి నిచ్చెన దిగుతూ జారి మడమ మెలితిప్పుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా పైకి పాకి పడుకున్నాడు. పొద్దున కాలు కింద మోపలేక, కాఫీ కోసం కిందికి సందేశం పంపాడు. కేక వేసి ఉంటే సరిపోయేది. కానీ అంత కష్టపడి నెట్‌వర్క్ పెట్టుకున్నవాడు కేక ఎందుకు వేస్తాడు?

"కృష్ణగిరికి పోతా దారిలో శూలగిరిలో కట్టు కట్టే ఆయన దగ్గర నన్ను దింపుతారని కదా రమ్మన్నాను!" అన్నాడు.

"మరి మునెమ్మ అని ఎందుకు వచ్చింది?" అని నళిని అడిగింది.

"కంప్యూటర్‌కి ఒక పేరు పెట్టమని అడుగుతుంది వదినా. మన ఇంట్లో దేనికైనా ఏం పేరు పెడతాం? పైదానికి అమ్మ పేరు, కిందిదానికి నాయన పేరు పెట్టినాను."

ఆ ఇంట్లో పుట్టినవాడు ఇంకే పేరూ పెట్టి ఉండేవాడు కాదు. నళిని ముఖానికి చేతులు అడ్డం పెట్టుకొని నవ్వింది. తిమ్మమ్మ తైలం ఖర్చు తలచుకొని ఉదయ్‌ను నాలుగు తిట్టింది. సుబ్బరాయప్ప మాత్రం నవ్వలేదు. ఆయన మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు. కాస్త ముందు జుట్టు దువ్వుకున్న చేయి ఇప్పుడు ఒడిలో ఊరికే పడి ఉంది. ఆమె రాలేదు. ఇక కృష్ణగిరికి పోవలసిందే.

వరదప్ప మంచం దిగి కండువా దులిపాడు. గొంతులోకి మండీ మళ్ళీ వచ్చింది. "ఇంతేనా! నేను మొదట్నే అనుకున్నాను. పదండప్పా పదండి, రాహుకాలం వస్తాది. ఆ సమాధిని ఇంకో మూలకి జరిపిస్తే..."

కంప్యూటర్ 'టింగ్' మంది.

ఎవరూ కదలలేదు. నవ్వుతున్న నళిని నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. అందరూ ఉదయ్ వైపు చూశారు. ఉదయ్ రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో అప్పుడే అందుకున్న కాఫీ లోటా ఉన్నాయి.

"నేను ఈడే ఉండాను కదా," అన్నాడు. అతని గొంతు సన్నబడింది. "పైన ఎవురూ లేరు."

పొద్దుటి నుంచి సందేశాలు పంపినవాడే భయపడితే ఇక మిగిలినవాళ్ళ సంగతి చెప్పాలా? నళిని స్క్రీన్ దగ్గరికి పోలేదు. మెడ మాత్రం చాచి, ఉన్నచోటి నుంచే చదివింది.

"మెసేజ్ ఫ్రమ్ మునెమ్మ టు సుబ్బరాయప్ప. 'తోట అమ్మొద్దు. నన్ను ఆడనుంచి జరపొద్దు.'"

వరదప్ప పై ప్రాణాలు పైనే పోయాయి. జరపడం అనే మాట ఆయన నోట్లోంచి వచ్చి ఇంకా గాలిలోనే ఉంది. దానికి జవాబు కూడా వచ్చేసింది. ఆయన మునెమ్మ ఫోటోకు ఒక దండం, కంప్యూటర్‌కు ఒక దండం, ఎందుకైనా మంచిదని ఉదయ్ చేతిలో ఉన్న కర్రకు ఒక దండం పెట్టాడు.

"సుబ్బరాయప్పన్నా, అందరూ వినండి. ఈ మాట నేనే వెనక్కి తీసుకుంటా ఉండాను. ధనశేఖర్ మాట తప్పలేదు, తప్పినాడని మండీలో ఎవుడన్నా అంటే నేనే వాడి పని చూస్తాను. తల్లీ, నేను నీ తోటకి రాను. నువ్వు నా మండీకి రావద్దు."

అంటూ వెనక్కి నడిచే గడప దాటాడు. ఆయన కారు దారిలో ఎవరూ లేకపోయినా హారన్ కొట్టుకుంటూ మంచులోకి పోయింది. మలుపు తిరిగాక కూడా ఆ హారన్ చాలాసేపు వినిపించింది.

తిమ్మమ్మ కర్పూరం కోసం పూజగదికి పరుగెత్తింది. నళిని ఆమెను వదిలి ఉండలేక వెంట పోయింది. గదిలో ముసలాయనా, చిన్న కొడుకూ మిగిలారు. సుబ్బరాయప్ప ఆ బూడిదరంగు డబ్బా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తి మేడ వైపు చూశాడు. యాభై ఏళ్ళ కాపురంలో మునెమ్మ ఆయనతో 'వద్దు' అని ఎన్నడూ అనలేదు. ఇష్టం లేకపోతే వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి వేసేది, అంతే. పైగా ఇనుప మెట్లు ఎక్కిన చప్పుడు ఆయన విన్నాడు. దిగిన చప్పుడు వినలేదు.

"ఉదయ్," అన్నాడు. "ఈడనుంచి ఆడికి రాయొచ్చునా?"

"రాయొచ్చు నాయనా. కానీ ఆడ ఎవురు..."

"నేను చెప్పేది రాయి."

ఉదయ్ కుర్చీ మీది చీరను జాగ్రత్తగా పక్కకు తీసి కూర్చున్నాడు. సుబ్బరాయప్ప ఒక్కో మాటా తూచి చెప్పాడు. "'నీ ఇష్టమని నేను నోరు మూసుకొంటిని. నా ఇష్టమని నువ్వు నోరు మూసుకొంటివి. నాకూ ఇష్టం లేదు నాయనా. దిగి రా.'"

'నాయనా' అని కొట్టగానే ఉదయ్ వేళ్ళు ఆగిపోయాయి. సుబ్బరాయప్ప భార్యను ఏనాడూ నాయనా అని పిలవలేదు. పిలిచేది కొడుకులను. ఉదయ్ నాయన ముఖంలోకి చూశాడు, తర్వాత మేడ వైపు చూశాడు, సందేశం పంపించాడు.

మేడ మీద, తమ్ముడి గదిలో, ధనశేఖర్ ఆ మాటలు చదివాడు. సిగ్నల్ దొరకక గదిలోకి వచ్చినప్పుడు కంప్యూటర్ వెలుగుతూ ఉంది. స్క్రీన్ మీద తెరిచి ఉన్న నల్లటి డబ్బాలో ఉదయ్ పొద్దుటి నుంచి పంపినవన్నీ వరుసగా ఉన్నాయి. కాఫీ, కాలినొప్పి, కృష్ణగిరి, దిగి రావడం. విషయం అర్థమై మొదట పగలబడి నవ్వబోయాడు. తర్వాత ఆ వరుసల మొదట్లో ఉన్న అమ్మ పేరు చూశాడు. మండీలో ఇచ్చిన మాటకు నెల రోజులుగా తనను తానే తిట్టుకుంటున్నాడు. తన నోటితో వెనక్కి తీసుకోలేని మాట అది. అమ్మ పేరు మీద అయితే తీసుకోవచ్చు. తమ్ముడు రాసిన పద్ధతినే చూసి, రెండు వేళ్ళతో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. చిన్నప్పుడు ఏ తప్పు చేసినా మునెమ్మ కొంగు వెనకే దాక్కునేవాడు. నలభై అయిదేళ్ళ వయసులో మళ్ళీ అదే పని చేశాడు. నాయన జవాబు చదివాక ఆ కుర్చీలోనే కూర్చొని ఏడ్చాడు, సిగ్గుపడలేదు.

ఆయన కిందికి దిగేసరికి తిమ్మమ్మ కంప్యూటర్‌కు హారతి ఇస్తోంది.

"ధనశేఖరా, యాడికి పోయినావురా? నీ అమ్మ వచ్చి తోట అమ్మొద్దనిందిరా! వరదప్ప పారిపోయినాడు!"

"అట్లనా అత్తా?" అన్నాడు ధనశేఖర్, ఎర్రబడిన కళ్ళు తుడుచుకుంటూ. "నాకు సిగ్నల్ దొరకలే."

సుబ్బరాయప్ప కొడుకు కళ్ళ వైపు ఒకసారి చూశాడు. నళినిని పిలిచి పొద్దున తినకుండా వదిలేసిన ఇడ్లీలు తెమ్మన్నాడు. ఆరు తిన్నాడు.

ఆ ఎండాకాలం వరదప్ప గోడౌన్ కోసం తళి రోడ్డులో వేరే స్థలం కొన్నాడు. బేరం కుదిరాక దస్తావేజులు ఎవరికో చూపించుకున్నాడు గానీ, అమ్మేవాళ్ళ ఇంట్లో కంప్యూటర్ ఉందా లేదా అన్నది మాత్రం తనే స్వయంగా పోయి చూసుకొని వచ్చాడట.